మోరాలో ఒక బోర్డు కావాలి: సూరత్ జిల్లా కలెక్టర్, మునిసిపల్ కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూరత్ జిల్లా కలెక్టర్ గారికి, సూరత్ మునిసిపల్ కమిషనర్ గారికి,



నేను హజీరా పారిశ్రామిక వాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసే తెలుగువాణ్ని. ప్లాంటులో ఒత్తిడి ఎంతుంది, వేడి ఎంతుంది, గ్యాస్ ఎక్కడైనా కారుతోందా అన్న సంగతుల్ని సెన్సర్ల నుంచి కంట్రోల్ రూం తెర మీదికి చేర్చడం, నైట్ షిఫ్టులో కూర్చున్న మనిషి ఆ తెరను ఒక్క చూపులో చదవగలిగేలా చూడడం నా వృత్తి. ఆ వృత్తి నేర్పిన దాన్ని పట్టుకునే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నగరం దగ్గరా పరిశ్రమల దగ్గరా ఇప్పటికే ఉన్న కొలతలు, ప్రమాదం వేళ అవి ఎవరికి ముందు అవసరమో వాళ్లకు, వాళ్లుండే చోట, వాళ్లు చదవగలిగే రూపంలో కనిపించాలని అడుగుతున్నాను. హజీరా వరకైతే ఆ చోటు ప్లాంట్ల పక్కనున్న మోరా ఊరు. నగరం వరకైతే లింబాయత్.

దీని గుజరాతీ ప్రతిని మీ కార్యాలయాలకు పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాశానంటే, మోరా గదుల్లో ఉండే శ్రీకాకుళం వెల్డర్లు, రిగ్గర్లు, లింబాయత్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడిపే కరీంనగర్, వరంగల్, నల్లగొండ కుటుంబాలు కూడా దీన్ని చదవాలి. వాళ్ల తరఫున అడుగుతున్నప్పుడు ఏమడుగుతున్నానో వాళ్లకు తెలియాలి కదా.

సమాచారాన్ని నమ్ముకుని బాగుపడిన ఊరు సూరత్. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి జనం రైళ్లెక్కి పారిపోయిన నగరం ఇది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు జోన్లకు అధికారాలిచ్చి, అధికారుల్ని ఉదయం వీధుల్లో తిప్పి, చూసి వచ్చిన దాని మీద అదే రోజు సమీక్ష పెట్టారు. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొంది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో సూరత్ ఉంది, మా విశాఖపట్నం, కాకినాడ కూడా ఉన్నాయి. 2020 సంవత్సరానికి ఇచ్చిన స్మార్ట్ సిటీ పురస్కారాన్ని ఇండోర్‌తో కలిసి సూరత్ అందుకుంది. 2022 పోటీలో ఇండోర్ తర్వాతి స్థానం సూరత్‌దే. కాబట్టి ఈ పని చేయగలిగిన నగరం దేశంలో ఏదైనా ఉందంటే ముందు వరసలో మీరే ఉన్నారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

స్మార్ట్ సిటీ మిషన్ కింద ఎంపికైన వంద నగరాల్లోనూ ఇప్పుడు కమాండ్ కంట్రోల్ సెంటర్లున్నాయి. గోడ నిండా తెరలు, తెరల నిండా కెమెరా దృశ్యాలు, పటాలు, గుండ్రటి మీటర్లు, రంగురంగుల పట్టీలు. చూడడానికి వచ్చిన పెద్దలకు అవి బాగా నచ్చుతాయి. మా రంగం ఇలాంటి తెరల దశను దాటి వచ్చింది. దానికి చెల్లించిన మూల్యం పెద్దది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీది దీపం మాత్రం మూసుకున్నట్టే చూపింది. ఆ దీపానికి కలిపిన తీగ వాల్వు స్థితిని చెప్పేది కాదు, వాల్వుకు కరెంటు వెళ్తోందా లేదా అన్నది మాత్రమే చెప్పేది. మూసుకోమని ఆదేశం వెళ్లింది, దీపం ఆరింది, వాల్వు తెరిచే ఉంది. రెండు గంటలకు పైగా ఆ దారిన నీళ్లు పోతూనే ఉన్నాయి, ఈలోగా రియాక్టర్ కోర్ కొంత కరిగిపోయింది. ఆపరేటర్లు దీపాన్ని నమ్మారు. దీపాన్ని అలా అమర్చినవాళ్లు ఆ గదిలో లేరు.

ఇక 1994 జులై 24. బ్రిటన్‌లో మిల్ఫర్డ్ హేవెన్ దగ్గరి టెక్సాకో రిఫైనరీ. పొద్దున పిడుగులు పడి ప్లాంటు అస్తవ్యస్తమైంది. సుమారు ఐదు గంటల తర్వాత పేలుడు జరిగింది. పేలుడుకు ముందు చివరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. ఆ ప్లాంటులో పెట్టిన 2040 అలారాల్లో 87 శాతం అత్యవసరమైనవిగా గుర్తించినవే. అన్నీ అత్యవసరమే అయితే ఏది ముందు చూడాలి? ఒక పాత్రలోకి ద్రవం వస్తోంది, బయటికి పోవడం లేదు అన్న అసలు సంగతి వేరువేరు తెరల మీద ముక్కలుగా ఉంది తప్ప, మొత్తాన్ని ఒక చోట చూపే తెర లేదు. సమాచారానికి కొదవలేదు. చూపించిన తీరు వల్ల అది అక్కరకు రాలేదు.

వీటి తర్వాతే మా రంగానికి గట్టి నియమాలు వచ్చాయి. ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒక అలారం కంటే ఎక్కువ రాకూడదన్నది అందులో ఒకటి. తెరల రూపకల్పనకు 2015లో ఐఎస్ఏ-101 ప్రమాణం వచ్చింది. ఆ పద్ధతిలో గీసిన తెర మొదటిసారి చూసేవాళ్లకు వెలవెలబోతున్నట్టు ఉంటుంది. నేపథ్యం లేత బూడిద రంగు. పైపులు, ట్యాంకులు సన్నటి గీతలు. అంతా సవ్యంగా ఉంటే రంగే కనిపించదు. ఎక్కడైనా తేడా వస్తే అక్కడ మాత్రమే ఎరుపో పసుపో వెలుగుతుంది, పక్కనే దాని గుర్తు, అంకె ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా చూడలేనివాళ్లు ఉంటారు కాబట్టి రంగు ఒక్కదాని మీద ఏ సమాచారాన్నీ వదిలిపెట్టం. అంకెను కూడా ఒంటరిగా చూపం. పక్కనే ఒక పట్టీ ఉంటుంది, అందులో మామూలుగా ఉండాల్సిన హద్దులు, ఇప్పుడు ముల్లు ఎక్కడుంది, గడిచిన గంటలో ఎటు కదిలింది అన్నవి కనిపిస్తాయి. నిన్న చేరిన కుర్రాడు కూడా అది చూసి ఇది పెరుగుతోంది, హద్దు దగ్గరికి వస్తోంది అని చెప్పగలడు.

మరొక నియమం నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. సెన్సర్ చెడిపోతే తెర ఆ సంగతి చెప్పాలి. చివరిసారి వచ్చిన మంచి అంకెను పట్టుకుని అదే చూపిస్తూ కూర్చోకూడదు. కదలని అంకెను నమ్మి ప్లాంటు నడపడం కళ్లకు గంతలు కట్టుకుని నడపడమే. నగరాల డ్యాష్‌బోర్డుల్లో ఎన్నింటి మీద ఆ అంకె ఏ నిమిషంలో కొలిచిందో రాసి ఉంటుంది? ఫిర్యాదు పరిష్కారమైంది అని చూపే ఆకుపచ్చ గుర్తు, మనిషి వచ్చి కాలువ బాగుచేశాక వెలిగిందా, లేక ఆదేశం వెళ్లగానే వెలిగిందా? త్రీ మైల్ ఐలాండ్ దీపం లాంటి దీపాలు నగర పాలనలోనూ ఉండొచ్చు. మీ సెంటర్‌లో ఒకసారి వెతికి చూడమని మనవి.

ఇప్పుడు హజీరా సంగతి. తాపీ నది ఖంభాత్ సింధుశాఖలో కలిసే ఈ మూల మీద దేశానికి ముఖ్యమైనవి చాలా ఉన్నాయి. ఓఎన్‌జీసీ గ్యాస్ ప్రాసెసింగ్ ప్లాంటు, క్రిభ్‌కో అమ్మోనియా-యూరియా ప్లాంట్లు, రిలయన్స్, ఎల్ అండ్ టీ, ఎల్ఎన్‌జీ టెర్మినల్, అదానీ పోర్టు, ఇప్పుడు ఆర్సెలార్‌మిట్టల్ నిప్పాన్ స్టీల్ చేతిలో ఉన్న ఉక్కు కర్మాగారం. ఆ ఉక్కుకు మూలమైన ఇనుప ఖనిజంలో కొంత బైలదిలా కొండల నుంచి 267 కిలోమీటర్ల గొట్టంలో విశాఖకు వచ్చి, అక్కడ గుళికలుగా మారి, ఓడల్లో ఇక్కడికి చేరుతుంది. విశాఖ నుంచి ఖనిజం వచ్చినట్టే మనుషులూ వస్తారు. వాళ్లలో ఎక్కువమంది మోరా చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటారు. 2020 మే నెలలో లాక్‌డౌన్ వేళ ఊళ్లకు పంపమని కార్మికులు రోడ్డెక్కిన మోరా ఇదే.

బొంబాయి హై వైపు సముద్రం నుంచి హజీరాకు వచ్చే గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, దాన్ని తీసేసి గ్యాస్‌ను శుద్ధి చేయడమే ఇక్కడి ప్లాంటు ముఖ్యమైన పని. ఆ వాయువు కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గాలి కంటే బరువైనది కాబట్టి పల్లానికి దిగుతుంది. ఎరువుల ప్లాంటులో అమ్మోనియా ఉంటుంది. ఇవి ప్రమాదకరమని భయపెట్టడానికి చెప్పడం లేదు. లోపల పనిచేసే మాకు వీటి గురించి శిక్షణ ఉంది, మెడలో డిటెక్టర్ ఉంది, తల ఎత్తితే గాలి దిక్కు చూపే విండ్‌సాక్ గుడ్డ గొట్టం కనిపిస్తుంది. ప్రహరీ బయట నిద్రపోయే మనిషికి ఏముంది?

ఏమైనా ఉందంటే గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ. 2015లో మొదలైన ఈ సూచీ మంచిదే. సున్నా నుంచి 500 వరకు ఆరు మెట్లు, ఆరు రంగులు. ఎనిమిది కాలుష్య కారకాల్లో ఏది అన్నిటికంటే అధ్వానంగా ఉంటే దాని అంకెనే మొత్తానికి అంకెగా చూపుతుంది. రోజంతా పీల్చే గాలి గురించి చెప్పడానికి దాన్ని తయారు చేశారు. అందుకే చాలా కారకాలకు అది 24 గంటల సగటును తీసుకుంటుంది. రాత్రి రెండు గంటలకు ఇరవై నిమిషాల పాటు గాలి భరించలేనట్టు ఉండి, తర్వాత బాగుపడితే ఆ ఇరవై నిమిషాలు సగటులో కరిగిపోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ ఎనిమిదింటిలో లేనే లేదు. అమ్మోనియా ఉంది కానీ అది కూడా రోజంతటి సగటే. కాబట్టి హజీరా పక్కన ఉండేవాడికి ఏక్యూఐ పచ్చగా ఉంది అంటే ఈ క్షణం క్షేమం అని అర్థం కాదు. తప్పు సూచీది కాదు. వేరే పనికి చేసిన సాధనాన్ని ఈ పనికి వాడుకుని తృప్తి పడకూడదు.

2020 సెప్టెంబరు 24 తెల్లవారుజామున ఓఎన్‌జీసీ ప్లాంటులో పేలుళ్లు జరిగి మంటలు లేచాయి. ఆ శబ్దం కిలోమీటర్ల దూరం వినిపించింది, ఆ వెలుగు నగరం నుంచి కనిపించింది. ఆ రాత్రి ఇక్కడ ఎన్ని గదుల్లో మనుషులు లేచి ఒకరినొకరు ఏమడిగి ఉంటారో ఊహించండి. ఏమైంది అన్నది మొదటి ప్రశ్న. ఎటు పోవాలి అన్నది రెండోది. మంట కనిపించింది కాబట్టి మొదటి దానికి కొంత జవాబు దొరికింది. రెండో ప్రశ్నకు వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో జవాబు ఉండదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే ఏమవుతుందో అదే సంవత్సరం మే 7న మా విశాఖ చూసింది. ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే ఏర్పాట్లు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. నిద్రలోంచి లేచినవాళ్లు చీకట్లో పరుగెత్తారు. పరుగెత్తుతూ కూలబడ్డవాళ్లున్నారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు. పల్లపు దారిన పోకూడదనీ, గాలి వాలుకు అడ్డంగా తప్పుకోవాలనీ ఆ చీకట్లో వాళ్లకు చెప్పేదేదీ వీధిలో లేదు.

కలెక్టర్ గారూ, 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం జిల్లా క్రైసిస్ గ్రూపుకు అధ్యక్షులు మీరే. ప్రమాదకర రసాయనాల గురించిన 1989 నియమాల్లో 15వ నియమం ప్రకారం, పెద్ద ప్రమాదం వస్తే దాని బారిన పడగల బయటి ప్రజలకు ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో ముందే తెలియజేయాలి. నియమం ఉంది. తెలియజేయడం అంటే కార్యాలయంలో ఒక ఫైలు ఉండడం అని ఎవరూ అనుకోరని నా నమ్మకం. అందుకే మోరాలో ఒక బోర్డు అడుగుతున్నాను. దాన్ని ఎలా చేయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా గాలి. బోర్డు పైన పెద్ద బాణం, గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో చూపేది. దాని పక్క స్తంభానికి నిజమైన విండ్‌సాక్ కట్టాలి. దానికి కరెంటు అక్కర్లేదు, భాష అక్కర్లేదు, అది తప్పు చెప్పదు. వానాకాలంలో నైరుతి గాలి వీచేటప్పుడు హజీరా మీదుగా వచ్చిన గాలి ఊళ్ల మీదుగా నగరం వైపే పోతుంది. మిగతా కాలాల్లో దిక్కు మారుతుంది. ఏ నెలలో ఎటు వైపు ఎక్కువ వీస్తుందో మోరాలో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

బాణం కింద ఒకే ఒక అంకె, సున్నా నుంచి మూడు వరకు. సున్నా అంటే మామూలు. ఒకటి అంటే వాసన రావచ్చు, కిటికీలు మూసుకోండి. రెండు అంటే ఇంట్లోకి వెళ్లి తలుపులు వేసుకోండి, ఫ్యాన్లు ఆపండి, బయటికి రావద్దు. మూడు అంటే బాణానికి అడ్డంగా నడిచి ఫలానా చోట చేరండి. ఆ చోటు పేరు రాసి ఉండాలి, దాని బొమ్మ ఉండాలి. పీపీఎం లెక్కలు, రసాయనం పేరు, ఫార్ములా ఈ బోర్డు మీద వద్దు. అవి కావలసినవాళ్లకు వేరే చోట పెట్టండి, దాచకండి. కింద మూలన ఈ కొలత ఏ గంట ఏ నిమిషానిదో ఉండాలి. కొలత అందకపోతే అంకె స్థానంలో బూడిద రంగు గీత, సమాచారం అందడం లేదు అన్న మాట రావాలి. అప్పుడు సున్నా చూపితే మోసం అవుతుంది. మామూలు రోజుల్లో బోర్డు వెలవెలబోతూ ఉండాలి. ప్రకటనలు, ప్రారంభించిన పెద్దల ఫొటోలు, కదిలే అక్షరాలు దాని మీదికి రాకూడదు. వచ్చాయంటే నెల తిరక్కుండా జనం దాన్ని చూడడం మానేస్తారు. మూడో అంకె వెలిగిన రోజు కూడా చూడరు.

అంకెకు పని ముడిపెట్టడం అన్న ఆలోచన నా సొంతం కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరినైనా అడగండి. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. రెండో హెచ్చరిక ఎగరేశారంటే లంకల్లో పశువుల్ని గట్టుకు తోలాలని, మూడోది అంటే మనుషులు కూడా కదలాలని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు కూడా ఊళ్లలో వినిపించింది ఈ అడుగుల మాట, ఈ హెచ్చరికల మాటే. సముద్రం ఒడ్డున మచిలీపట్నం, విశాఖ రేవుల్లో తుపాను వేళ ఎగరేసే నంబర్లూ అంతే. పదో నంబరు అంటే ఏమిటో పుస్తకం చూడకుండా చెప్పగలిగే జాలర్లున్నారు. ఎవరో ఒకసారి బుద్ధిగా కూర్చుని, కొలతను తక్కువ మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ ఒక పని ముడిపెట్టి, దాన్ని దశాబ్దాలు మార్చకుండా ఉంచారు. మార్చకుండా ఉంచడమే దాని బలం. డ్యాష్‌బోర్డు రూపం ప్రతి కొత్త టెండరుతో మారిపోతే జనం దాన్ని ఎప్పటికీ నేర్చుకోలేరు.

కమిషనర్ గారూ, ఇక తాపీ. దాని మీది ఉకాయి ఆనకట్ట నిండు మట్టం 345 అడుగులు. వానాకాలంలో సూరత్ పేపర్లలో ఆ మట్టం రోజూ వస్తుంది, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో వస్తుంది. 2006 ఆగస్టులో దాదాపు 9 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. దిగువన సముద్రం పోటు మీద ఉంది. దాదాపు ముప్పావు నగరం మునిగింది. ఆ తర్వాత ఉకాయి నుంచి సూరత్ దాకా ముందస్తు హెచ్చరిక వ్యవస్థను నిర్మించారు. అది నిజంగా గొప్ప పని. నేనడిగేది దాని చివరి మెట్టు గురించి. నాలుగు లక్షల క్యూసెక్కులు అన్న మాట ఇంజినీరుకు చాలు. లింబాయత్‌లో కింది అంతస్తు గదిలో ముగ్గురు పిల్లలతో ఉండే అమ్మకు కావలసింది వేరు. మా వీధికి నీళ్లు వస్తాయా, ఎన్ని గంటలకు, ఎంత లోతు, ఎక్కడికి పోవాలి. పైగా లింబాయత్‌ను ముంచేది చాలాసార్లు తాపీ కాదు, మీఠీ ఖాడీ అనే వాగు. ఉకాయిలో చుక్క వదలకపోయినా ఊరి మీద గట్టి వాన పడి, ఖాడీ పొంగితే చాలు. పేపర్లో ఉకాయి మట్టం చూసి ధైర్యంగా పడుకున్నవాళ్ల మంచం కిందికి ఖాడీ నీళ్లు వస్తాయి. కాబట్టి ఆ వీధుల కోసం ఖాడీ లెక్క వేరుగా చూపాలి.

ఎలా చూపాలి? పై నుంచి చూసిన పటం అందరూ చదవలేరు. మనుషులు దారిని గుడి, బడి, చౌరస్తా, టీ కొట్టు గుర్తులతో పట్టుకుంటారు. నా సూచన ఏమిటంటే, వీధిలో కరెంటు స్తంభాల మీద రంగు పట్టీలు వేయించండి. మోకాలి లోతు దగ్గర ఒకటి, నడుము లోతు దగ్గర ఒకటి, 2006లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ ఒకటి. హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్ సందేశంలో మీ వీధి స్తంభం మీద పసుపు పట్టీ దాకా, రాత్రి పది నుంచి పన్నెండు మధ్య అని చెప్పండి. కచ్చితమైన గంట మీకూ తెలియదు, తెలిసినట్టు రాయకండి. మధ్య అన్న మాటను జనం అర్థం చేసుకుంటారు. పది గంటలకు అని చెప్పి పన్నెండుకు వస్తే మాత్రం మరోసారి నమ్మరు. 2023లో దేశంలో వేర్వేరు రోజుల్లో ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి పరీక్ష సందేశం చూపించాయి, గుర్తుంది కదా. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే ఆ ఏర్పాటుతో ఫలానా టవర్ల కింద ఉన్నవాళ్లకే, వాళ్ల భాషలోనే పంపవచ్చు. యాప్ దింపుకోమని చెప్పనక్కర్లేదు.

భాష అన్నాను కాబట్టి ఒక మాట. సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తున్నాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా. తెలుగు రాష్ట్రాల బయట ఇంత శ్రద్ధగా తెలుగు బడులు నడిపే నగరాలు ఎన్నో లేవు. మీ నగరానికి మేం దానికి రుణపడి ఉన్నాం. ఆ పిల్లలకు అక్షరాలు నేర్పింది మీరే. వరద హెచ్చరికను కూడా ఆ అక్షరాల్లోనే ఇవ్వండి. ఇంటికొచ్చిన పిల్లలు దాన్ని అమ్మకు చదివి వినిపిస్తారు. అనువాదం చేయించేటప్పుడు యంత్రం చేతికి వదిలెయ్యకండి. ఆ బడుల్లో పంతుళ్లున్నారు, వాళ్లను అడగండి.

అక్షరాలతోనే సరిపోదు కూడా. సాంచాల షెడ్డులో నిలబడి చూస్తే పక్కన మనిషి అరిచినా వినపడదు. పన్నెండు గంటల షిఫ్టులో ఉన్నవాడికి బయట మోగే సైరన్ చేరదు, ఫోన్ ఎక్కడో మేకుకు వేలాడే చొక్కా జేబులో ఉంటుంది. అలాంటి షెడ్లలో సైరన్‌తో పాటు వెలిగే దీపం ఒకటి కప్పుకు బిగించాలి. మా ప్లాంట్లలో కంప్రెసర్ హౌసుల్లో ఎప్పటి నుంచో ఇలాంటివి ఉన్నాయి. ఖర్చు పెద్దది కాదు.

ఇక పొగగొట్టాల సంగతి. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి సూరత్‌లో ధూళి ఉద్గారాల మార్కెట్‌ను, అంటే ఫ్యాక్టరీలు ధూళి వదిలే అనుమతులను కొని అమ్ముకునే ఏర్పాటును, మొదలుపెట్టింది. ధూళి కణాల విషయంలో ప్రపంచంలో అదే మొదటిది. 300కు పైగా ఫ్యాక్టరీలు, ఎక్కువ భాగం బొగ్గు వాడే వస్త్ర పరిశ్రమలు, చిమ్నీలకు నిరంతరం కొలిచే యంత్రాలు బిగించుకున్నాయి. మార్కెట్‌లో ఉన్న ఫ్యాక్టరీల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయని దీన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. అంటే ఏ చిమ్నీ నుంచి ఎంత వస్తోందో తెలిపే కొలత ఈ నగరంలో ఉంది. పక్క రాష్ట్రం మహారాష్ట్ర 2017లో ఫ్యాక్టరీలకు ధూళి ఉద్గారాల ఆధారంగా ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇచ్చి ప్రజలందరికీ చూపింది. ఐదు నక్షత్రాలా ఒకటా అన్నది ఎవరికైనా అర్థమవుతుంది. ఆ నక్షత్రాలను ఫ్యాక్టరీ గేటు మీదే పెట్టిస్తే ఇంకా బాగుంటుంది. వెబ్‌సైటుకు వెళ్లి వెతికే కార్మికుడు అరుదు. గేటు మాత్రం రోజుకు రెండుసార్లు దాటుతాడు.

చివరగా, వీటిలో ఏది చేసినా చేసే ముందు ఒక పరీక్ష పెట్టమని ప్రాధేయపడుతున్నాను. బోర్డు నమూనాను ముందు కాగితం మీద గీయించండి. మోరాలో షిఫ్టు దిగే వేళ వీధిలో ఐదుగురిని ఆపండి. ఒక ఒడియా కార్మికుడు, ఒక బిహారీ, ఒక తెలుగువాడు, ఊళ్లో పుట్టిన గుజరాతీ మత్స్యకార మహిళ ఒకరు, బడికి వెళ్లే పిల్ల ఒకరు. ఐదు క్షణాలు చూపి కాగితం తీసేయండి. ఇది బాగుందా అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు, పెద్దవాళ్లు అడిగారు కదా. ఇది చూస్తే ఇప్పుడు ఏం చేస్తారు అని అడగండి. ఐదుగురూ ఒకే పని చెబితే బోర్డు పనికొచ్చినట్టు. ఇద్దరు వేరే మాట చెబితే బొమ్మ మార్చి, మళ్లీ కొత్తవాళ్లకు చూపండి. టెండరు పత్రంలో తెర ఎన్ని అంగుళాలుండాలో రాసే చోటే ఈ పరీక్ష నెగ్గాలన్న షరతు కూడా రాయండి. కంపెనీకి డబ్బు ఇవ్వడానికి అదే కొలమానం కావాలి.

తెలుగు పాఠకులకు కూడా ఒక మాట. విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ అన్నీ స్మార్ట్ సిటీల జాబితాలో ఉన్నవే. పరవాడ, పాశమైలారం లాంటి చోట్ల ఫ్యాక్టరీ గోడ పక్కనే మన ఇళ్లున్నాయి. 15వ నియమం అక్కడికీ వర్తిస్తుంది. మీ ఊరి పక్క ప్లాంటులో ఏముందో, గాలి ఇటు తిరిగితే ఏం చేయాలో ఎక్కడ రాసి ఉందో మీ కలెక్టర్ గారిని అడగండి.

కలెక్టర్ గారూ, జిల్లాలో ఆఫ్‌సైట్ మాక్‌డ్రిల్, అంటే ప్రహరీ దాటే ప్రమాదానికి సాధన, ఏడాదికి ఒకసారైనా జరగాలి. ఈసారి జరిగే దానిలో మోరా ఊరిని కూడా కలపండి. ఆ రోజుకు విండ్‌సాక్, సున్నా నుంచి మూడు వరకు చూపే బోర్డు అక్కడ నిలబెట్టించండి. కాగితం నమూనా గీసి తేవడం, తెలుగువాళ్లను పరీక్షకు పిలుచుకు రావడం నా వంతు. తేదీ మీరు చెప్పండి.

భవదీయుడు,
హజీరాలో పనిచేసే ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు